వినుకొండ దారిలో నయోమి

ఎండలు ముదరకముందు పల్నాడు వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ ఒకటే అడిగారు, "కారం తెచ్చారా టీచరు గారూ?" అని. కారం తేలేదు, మిరపకాయలు తెచ్చాను. చిన్న సంచీడు. వాటిని ఇంతవరకూ దంపించలేదు. ఎందుకు దంపించలేదో ఇది చదివితే తెలుస్తుంది.

నేను చూడబోయింది కోటలూ కొండలూ కాదు. మా పెద్దమ్మ కూతురు సంతోషమ్మక్కని. పచ్చపురుగు పత్తిని తినేసిన రోజుల్లో వాళ్ళాయన ఇక ఈ మట్టిలో అన్నం లేదని పెళ్ళాన్నీ, పసివాడైన కొడుకునీ తీసుకుని కర్ణాటకలో సింధనూరు వైపు వెళ్ళిపోయాడు. అక్కడ కాలవ కింద మనవాళ్ళు కట్టుకున్న ఊళ్ళని క్యాంపులంటారు. అలాంటి ఒక క్యాంపులో కౌలుకి చేసి నాలుగు మెతుకులు తిన్నారు. తర్వాత బావ గుండె ఆగి పోయాడు. కొడుకు పెళ్ళయిన కొన్నాళ్ళకి పొలంలో మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. అక్కకి మిగిలింది కోడలు హులిగెమ్మ ఒక్కతే. పిల్లాపాపా లేరు. ఆ అమ్మాయి అక్కడి పిల్ల, వాళ్ళ అమ్మవారి పేరే పెట్టారు. క్యాంపులో తెలుగువాళ్ళ మధ్య పెరిగింది గనుక తెలుగు బాగానే వచ్చు.

"ఊరికి పోతన్నానే, ఇక రాను. నువ్వు కూడా ఓసారి రా, ఒక్కదాన్నీ పోవాలంటే సిగ్గుగా ఉంది" అని అక్క ఫోన్ చేసినప్పుడు నాకు వెంటనే నయోమి గుర్తొచ్చింది. సండేస్కూల్లో ఏళ్ళ తరబడి బొమ్మలు అంటించి చెప్పిన కథ. బేత్లెహేములో కరువొస్తే మొగుడితో, కొడుకులతో మోయాబు దేశం వెళ్ళి, అందర్నీ అక్కడ మట్టిలో పెట్టి, రూతు అనే పరాయి కోడలితో సొంతూరికి వస్తుంది. ఊరి ఆడవాళ్ళు ఈమె నయోమియేనా అని గుమిగూడితే, ఆ పేరుతో నన్ను పిలవకండి అంటుంది. కోడలు పొలాల్లో పరిగె ఏరుతుంది. బోయజు అనే మంచి చుట్టం ఆదుకుని ఆ కోడల్ని పెళ్ళాడతాడు. చివరికి నయోమి ఒళ్ళో మనవడు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నేనూ కొట్టించేదాన్ని.

గుంటూరు

రాజమండ్రి నుంచి గుంటూరు పెద్ద దూరమేం కాదు గానీ, దిగగానే గాలి మారిపోతుంది. మా గోదావరి గాలికి కాస్త తడి ఉంటుంది. ఇక్కడి గాలి ముక్కులో దూరి ఎవరమ్మా నువ్వు అని నిలదీస్తుంది. మిర్చి యార్డు చూపించమని ఆటో ఎక్కాను. గేటు దాటకముందే తుమ్ములు మొదలయ్యాయి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. హమాలీలు మాత్రం మూతికి గుడ్డయినా లేకుండా టిక్కీలు మోస్తున్నారు. టిక్కీ అంటే మిరపకాయలు కూరిన గోనె బస్తా.

"కొత్తోళ్ళకి ఘాటుకి మండుతయ్యి మేడమ్ కళ్ళు. రైతుకి రేటుకి మండుతయ్యి" అన్నాడు ఆటో అతను.

ఒక రైతు తన టిక్కీల మీదే కూర్చుని టీ తాగుతున్నాడు. దాచేపల్లి వైపు మనిషి. కాయ ఎర్రగా నిగనిగలాడుతోంది, ఎంత బాగుందండీ అన్నాను మర్యాదకి. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "బాగుంటే ఏం లాభవమ్మా. పోయినేడు ఏసీ గోడౌన్లో పెట్టిన సరుకే కదల్లా. ఈ ఏడు కోత కూలి కూడా వచ్చేట్టు లేదు. చివరి కాయ చెట్టుకే వదిలేసి వచ్చా" అని టీ గ్లాసు కిందపెట్టాడు. నాకూ ఒక టీ చెప్పాడు. నేను డబ్బులివ్వబోతే, "పది రూపాయల టీకి కూడా ఆడమనిషి కాడ తీసుకుంటే ఇంక ఎవసాయం చెయ్యటం ఎందుకు?" అని కసిరాడు. కసురుతూ పెట్టడం ఇక్కడి పద్ధతి. మావైపు నవ్వుతూ పెట్టి, వెనకాల లెక్క చెప్పుకుంటారు.

నరసరావుపేట మీదుగా

బస్సులో పక్క సీటావిడ కూర్చోగానే విచారణ మొదలెట్టింది. ఏ ఊరు, ఎవరింటికి, మీ ఆయన ఏం చేస్తాడు. పెళ్ళి చేసుకోలేదన్నాను. "ఏం? ఏవన్నా జబ్బా?" అంది బస్సంతా వినబడేలా. ముందు సీటాయన కూడా తిరిగి చూశాడు. లేదండీ, తీరిక లేకపోయింది అన్నాను. ఆవిడకి ఆ జవాబు నచ్చినట్టుంది, సంచిలోంచి చిట్టిగారెలు తీసి పెట్టింది. మొన్ననే శివరాత్రి తిరునాళ్ళ అయింది. కోటప్పకొండ దారిపక్కన విప్పేసిన ప్రభల వెదుళ్ళు పడున్నాయి. జనం పోయాక తిరునాళ్ళ దారి చూస్తే నాకెందుకో ఎప్పుడూ దిగులేస్తుంది.

పేట దాటాక రెండు వైపులా ఎర్రటి కల్లాలే. ఇళ్ళ ముందు మేం వడియాలు పెట్టినంత సుళువుగా వీళ్ళు ఎకరాల మీద మిరపకాయలు ఎండబెడతారు. మధ్య మధ్య పత్తి చేలు, పీకకుండా వదిలేసిన మోళ్ళు. కాయల్లో మిగిలిపోయిన దూది అక్కడక్కడా వేలాడుతోంది. ఒక చేలో గొర్రెల్ని తోలారు.

వినుకొండ స్టేషను

గుంతకల్లు వైపు నుంచి అక్కావాళ్ళు వచ్చే బండి ఆలస్యమైంది. అక్కని గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. బొద్దుగా, బుగ్గల నిండా తాంబూలంతో ఉండే మనిషి. ఇప్పుడు చీర కర్రకి చుట్టినట్టుంది. వెనక హులిగెమ్మ, నెత్తిన మూట, చంకలో ఇంకో మూట, ముక్కుకి పెద్ద పుడక.

మేం ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తుండగానే ఒక మనిషి వచ్చాడు, మెడలో తువ్వాలు, చేతిలో ఫోను. కూలీలని పొలాలకి కుదిర్చే ముఠామేస్త్రి. మిరప కోతల కాలంలో కర్నూలు నుంచీ, రాయచూరు నుంచీ ఆడవాళ్ళు ముఠాలుగా ఈ బండికే దిగుతారట. మూటలతో ఆ వైపు నుంచి దిగిన ఆడమనిషి అంటే ఇక్కడివాళ్ళ లెక్కలో కూలీయే.

"ఏ ఊరు ముఠా అమ్మా మీది? ఎంతమంది? నాలుగు రోజుల కోత ఉంది, తిండి మాదే" అన్నాడు.

అక్క కళ్ళు తుడుచుకుని నిటారుగా నిలబడింది. "కూలికొచ్చినోళ్ళం కాదయ్యా. మాది ఈ ఊరే" అంది.

అతను అక్కని చూశాడు, హులిగెమ్మ కట్టు చూశాడు, మూటలు చూశాడు. "ఈ ఊరా?" అని నవ్వి, ఇంకో పెట్టె దగ్గరికి నడిచాడు. అతను నమ్మలేదు. బేత్లెహేములో కనీసం నయోమి పేరు పెట్టి అడిగారు. ఇక్కడ కూలి ఎంతని అడిగారు. అక్క నవ్వేసి ఆటో వైపు నడిచింది.

అన్న కొడుకు ఇల్లు

ఊరి పేరు రాయను, రాస్తే కొందరికి బాధ. వినుకొండకి ఆటో దూరం, నల్లరేగడి నేల. అక్క పుట్టిల్లు అన్న కొడుకు ప్రసాదు చేతిలో ఉంది. పాత ఇల్లు పడగొట్టి డాబా వేశాడు. ట్రాక్టరుంది, చర్చి సంఘంలో మాట చెల్లుతుంది, పొలంలో ఈ ఏడు నష్టం. నలభై అయిదేళ్ళ మనిషి, గలగలా మాట్లాడతాడు. "అత్తా!" అని వీధిలోకి ఎదురొచ్చి అక్క చేతులు పట్టుకుని భోరుమన్నాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. నా కళ్ళతో చూశాను గనుక చెబుతున్నాను.

పల్లెలో ఆడవాళ్ళందరూ వచ్చారు. "సంతోషమ్మేనా? ఎట్టా ఉండేదానివి ఎట్టా అయిపోయావే!" అని ముసలమ్మలు గడ్డం పట్టుకుని చూశారు. "ఆ పేరుతో పిలవబాకండే, నవ్వొస్తంది" అంది అక్క. ఆవిడ నయోమి కథ తలుచుకుని అనలేదు. అలా అనాలనిపించి అంది, అంతే.

నాటుకోడి కూర, గారెలు, పండుమిరప పచ్చడి. మొదటి ముద్దకే నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. నేను తెచ్చిన పూతరేకులు ఇచ్చాను. ప్రసాదు కొడుకు, కాలేజీ పిల్లాడు, కాగితం తింటన్నట్టుంది చిన్నమ్మమ్మా అన్నాడు. అందరూ నవ్వారు, హులిగెమ్మ కూడా.

అన్నాల తర్వాత ప్రసాదు భార్య పక్కలు వేసింది. అక్కకీ నాకూ లోపల మంచాలు. "ఆ అమ్మాయికి పంచలో వేశా, ముఠా ఆడోళ్ళు ఉన్నార్లే తోడు" అంది. వాళ్ళ పొలంలో కోతకొచ్చిన కూలి ఆడవాళ్ళు పంచలో చాపల మీద పడుకుంటున్నారు. హులిగెమ్మ ఏమీ అనుకోలేదు, వాళ్ళలో ఒకావిడ వాళ్ళ తాలూకాదేనని తెలిసి కబుర్లలో పడింది. అక్క మాత్రం మంచం మీద కూర్చుని గుమ్మం వైపు చూస్తూ ఉంది.

సమాధుల తోట

పొద్దున్నే అక్క వెళ్దామన్న చోటు అదొక్కటే. మావైపు సమాధుల మీద నందివర్ధనం చెట్లుంటాయి. ఇక్కడ జిల్లేళ్ళు, తుమ్మలు. సంఘపెద్ద దానియేలు గారు ముందే వచ్చి నిలబడ్డారు. చోటు ఇరుకైపోయిందని, ఇప్పుడు సంఘంలో ఉన్నవాళ్ళకే ఇస్తున్నామని లోపలికి నడుస్తూనే చెప్పారు.

పెద్దమ్మ సమాధి పక్కన, ఆవిడ ఆడబిడ్డ సమాధికి ఇవతల ఒక మనిషి పట్టే ఖాళీ ఉంది. అక్క దాని ముందు చతికిలబడి కూర్చుంది. అప్పుడు చెప్పింది, నాకు ఫోనులో చెప్పనిది.

"మీ బావనీ పిల్లోణ్ణీ కాలవగట్టు మీద పెట్టామే. ఆడ మనకి తోట లేదు. రెండేళ్ళకి గట్టు వెడల్పు చేస్తా మిషను తిప్పారు. ఇప్పుడు ఏడ పడుకున్నారో నేనే చెప్పలేను. పువ్వు పెడదామంటే ఏడ పెట్టాల? నాకట్టా వద్దే. మా అమ్మ పక్కన పడుకోవాల. అందుకే వచ్చా."

దానియేలు గారు పక్కనున్న తుమ్మ నుంచి ఒక కొమ్మ విరిచి ఆ ఖాళీలో గుచ్చారు. "ఇది సంతోషమ్మది. నా నోటి మాట. ఊళ్ళో ఉండు, గుడికి రా, ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకో. ఎవడు అడ్డమొస్తాడో చూస్తా" అన్నారు. అక్క ఆ కొమ్మని పట్టుకుని, ఊడిపోతుందేమో అన్నట్టు చుట్టూ మట్టి నొక్కింది. తర్వాత నవ్వింది. వచ్చాక ఆవిడ మనసారా నవ్వడం అదే మొదలు. ఇల్లు దొరక్కముందే సమాధి దొరికినందుకు మనిషి అంత సంబరపడటం నేనెక్కడా చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

హులిగెమ్మ దూరంగా నిలబడి, వాళ్ళ పద్ధతిలో చెప్పులు విప్పి, నేలకి దండం పెట్టింది.

పరిగె

ఆదివారం కోతపండుగ. కొత్త పంట ఇంటికొచ్చాక సంఘమంతా తొలికానుక తెచ్చి గుడిలో పెడతారు. ఉత్త చేతుల్తో ఎట్టా పోతాం అని అక్క దిగులుపడుతుంటే హులిగెమ్మ, "నేనేరుకొస్తా అత్తమ్మా" అంది. పరిగెకి బయల్దేరింది.

నేనూ వెంటపడ్డాను. పరిగె అంటే నాకు తెలిసింది వరిచేలో రాలిన కంకులు, పిల్లలు ఏరి పప్పుండలకి మార్చుకునేవారు. ఇక్కడ చేలోకి దిగాక నోరు తెరుచుకుని నిలబడ్డాను. చెట్ల నిండా కాయ. గుంటూరులో ఆ రైతు చెప్పిందే. కోయిస్తే కూలి గిట్టక వదిలేశారు. చేను గలాయన గట్టు మీద బీడీ కాలుస్తున్నాడు. ఏరుకోవచ్చా అని అడిగితే, "ఎంత కావాలంటే అంత కోసుకోండి, ఎల్లుండి దున్నేసేదే" అన్నాడు, మా వైపు చూడకుండా.

రూతు ఏరిన చేలో పంట బాగా పండింది కాబట్టి పరిగె మిగిలింది. ఇక్కడ పండినా ధర లేక మిగిలింది. హులిగెమ్మ చేతులు మాత్రం ఆగలేదు. తాలుకాయ, అంటే తెల్లబోయిన పుచ్చుకాయ, ఒక్కటీ రానివ్వకుండా నిగనిగలాడే కాయే కోసింది. నేను కోసిన దోసెడూ చూసి సగం పారేసింది. నేను ఆ చేత్తోనే కళ్ళు నలుపుకుని గట్టు మీద గంతులు వేశాను. బీడీ ఆయన మొదటిసారి నవ్వాడు, బిందెతో నీళ్ళు తెచ్చిచ్చాడు.

కళ్ళు కడుక్కుంటూ అడిగాను, "మీ అమ్మ దగ్గరికి ఎందుకు వెళ్ళలేదమ్మా?"

"పొమ్మనే అంది అత్తమ్మ. మా అవ్వకి ఇంకో కూతురుంది మేడమ్. ఈమెకి ఎవరున్నారు?" అంది. అవ్వంటే వాళ్ళ భాషలో అమ్మ. అంత పెద్ద మాట అని తను అనుకోలేదు, ఆ చెట్టు అయిపోయిందని పక్క సాలులోకి మారింది.

మర్నాడు సాయంత్రం ఇంట్లో జొన్నరొట్టెలు చేసింది. రెండు చేతుల మధ్య చప్పుడు చేస్తూ తట్టి, పెనం మీద వేసి, పొంగిన రొట్టె మీద గోంగూర పెట్టిచ్చింది. ప్రసాదు నాలుగు తిన్నాడు. వాళ్ళావిడ పిండి ఎలా కలిపావని రెండుసార్లు అడిగింది. ఇంకేం, కలిసిపోయిందనుకున్నాను. టీచర్లకి కథ ముందే తెలిసినట్టు ఉంటుంది.

కోతపండుగ

గుడి నిండా ఎరుపే. బుట్టల్లో మిరపకాయలు, గుమ్మడికాయలు, ధాన్యం, పత్తి మూట, కాళ్ళు కట్టిన కోళ్ళు. మావైపు అరటిగెలలు, కొబ్బరికాయలు పెడతాం, తుమ్ములుండవు. ఇక్కడ పాస్టరు గారు ప్రార్థన మధ్యలో మూడుసార్లు తుమ్మారు.

వాక్యం నయోమి కథే. అక్క వచ్చిందని పాస్టరు గారు కావాలనే ఎంచుకున్నారు. ఉన్న ఊరు తిరిగొచ్చినవాళ్ళని దేవుడు ఒట్టి చేతుల్తో ఉంచడని, పరాయిపిల్లకి కూడా ఆయన రెక్కల కింద చోటుందని బాగా చెప్పారు. "మన సంఘంలో బోయజులున్నారా?" అని గట్టిగా అడిగారు. "ఆమేన్" అన్నారందరూ. ప్రసాదు ఆమేన్ అందరికంటే గట్టిగా వినబడింది.

తర్వాత వేలంపాట. తెచ్చిన కానుకలన్నీ గుడి ఖర్చులకి పాట పెడతారు. పాడుకున్నవాళ్ళు తమకిష్టమైతే ఆ వస్తువుని తెచ్చినవాళ్ళకే తిరిగి ఇస్తారు. అదొక గౌరవం. ఒక పుంజు తాడు తెంచుకుని బల్ల కిందికి దూరి పాట కాసేపు ఆగింది. గుమ్మడికాయ రెండొందలకి పోయింది. దానియేలు గారు మైకులో, "సంతోషమ్మ కానుక, చాటెడు మిరపకాయలు" అన్నారు. ఏరింది ఎవరో చెప్పలేదు.

ప్రసాదు వందన్నాడు. నరసరావుపేట నుంచి వచ్చిన చుట్టం ఒకాయన మూడొందలన్నాడు. పంతం పడిపోయింది. అయిదొందలు, వెయ్యి, రెండువేలు. "మా అత్త కానుక ఇంకోడి ఇంటికి పోద్దా?" అని ప్రసాదు మీసం దువ్వాడు. మూడువేల నూట పదహార్లకి పాట కొట్టేశారు. చేలో ఎవరూ వద్దన్న కాయ అది. గుడి చప్పట్లతో మారుమోగింది. ప్రసాదు చాట తెచ్చి అక్క ఒళ్ళో పెట్టాడు. అక్క ముఖం చూడాలి అప్పుడు. పుట్టింటి మీద ఆశ అలా లేస్తుంది.

ఆ ధైర్యంతోనే, భోజనాల పంక్తి లేస్తుండగా అడిగింది. "ప్రసాదూ, మీ కల్లం పక్కన రేకుల గది ఉంది గదా. ఎరువు కట్టలు ఏస్తన్నావంట. అది మా ఇద్దరికీ ఇస్తావురా? కూలో నాలో చేసుకు బతుకుతాం."

ప్రసాదు తువ్వాలుతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు.

"నీకైతే ఇస్తా అత్తా. రేప్పొద్దునే సున్నం కొట్టిస్తా. నీ ఇష్టం వచ్చినన్నాళ్ళుండు. ఆ అమ్మాయి మాత్రం వాళ్ళూరు పోతేనే మంచిది."

"ఏం?"

"వయసులో ఉన్న పిల్ల, మొగుడు లేడు. మన మనిషి కాదు, మన మతం కాదు. ఇంట్లో ఎదిగిన కొడుకున్నాడు నాకు. ఏం జరగకపోయినా జరిగిందంటారు. ఊళ్ళో మాట పడేది నేను."

పాస్టరు గారు మెల్లగా, బాప్తిస్మం తీసుకుంటే సంఘం ఆలోచించడానికి వీలుంటుందేమో అన్నారు. దానియేలు గారు మైకు తీగ చుట్టుకుంటూ ఉన్నారు. ఇందాక ఆమేన్ అన్నవాళ్ళలో ఒక్కరూ మాట్లాడలేదు. ఇద్దర్నీ ఉండనివ్వమని నేను అన్నాను, అది వేరు, నేను చుట్టపుచూపు మనిషిని.

హులిగెమ్మ విస్తరాకులు తీస్తున్నదల్లా ఆగి, "మునుగుతాలే అత్తమ్మా, నీళ్ళే గదా" అంది.

అక్క తల అడ్డంగా ఊపింది. "దేవుడి కోసం మునుగుతానంటే నేనే చెయ్యిపట్టి దింపుతానే. గది కోసం మునిగితే ఒళ్ళు తడవటం తప్ప ఏముంది?"

ప్రసాదుని దుర్మార్గుడని నేను రాయను. పంట పోయినవాడు, మాటకి భయపడేవాడు. పాటలో చెయ్యెత్తడం తేలిక, అందరూ చూస్తారు. గది తలుపు తియ్యడం ఎవరూ చూడరు. నాకు ఆ సాయంత్రమంతా గుడి మీదా, కథ మీదా, నేను చప్పట్లు కొట్టించిన రోజుల మీదా కోపమొచ్చింది.

మీ ఇద్దరూ నా దగ్గరికి రండి, రెండు గదులున్నాయి అన్నాను అక్కతో. "నీ ఇంటికొస్తే ఇద్దరం చుట్టాలమేనే. మూడ్రోజులకి నీకూ బరువే, మాకూ బరువే" అంది.

హులిగెమ్మే తేల్చేసింది. "మా అవ్వ ఫోన్ చేసింది అత్తమ్మా, రమ్మంది. నేను పోతా. నువ్వుండు. నీ జాగా నీకు దొరికింది." అక్క లేచి పక్కలు దులిపింది.

మళ్ళీ స్టేషను

పొద్దున్నే కల్లం దగ్గర రేకుల గదికి సున్నం కొట్టేశారు. ప్రసాదు అన్నమాట నిలబెట్టుకున్నాడు. తడి గోడ మీద అక్క చెయ్యి వేసి చూసి, "బాగుందిరా" అంది. హులిగెమ్మని బండెక్కించి వద్దామని ముగ్గురం ఆటోలో బయల్దేరాం. అక్క తన మూట కూడా ఆటోలో పెడితే, దారిలో ఉతకడానికేమో అనుకున్నాను. అంత తెలివి నాది.

సమాధుల తోట దగ్గర ఆటో ఆపించింది. "మీరు రాబాకండి" అని ఒక్కతే లోపలికెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో తుమ్మ కొమ్మ ఉంది, ఎండిపోయి ఆకు రాలుతూ. ఏంటక్కా అది అన్నాను. "ఉంచితే ఇంకొకళ్ళు పెట్టుకోటానికి మొహమాటపడతారు" అంది. కొమ్మని రోడ్డు పక్కకి విసిరేసి, ఆటో కదలమంది. అప్పుడు నాకర్థమైంది. హులిగెమ్మకి ఇంకా అర్థం కాలేదు.

బండి వచ్చింది. హులిగెమ్మ ఎక్కి, గుమ్మంలోంచే వంగి అత్తకి దండం పెట్టబోతే అక్క తన మూట దాని చేతికిచ్చి, కమ్మీ పట్టుకుని ఎక్కేసింది. ఆ పిల్ల దిగు దిగమని తోస్తోంది, ఏడుస్తోంది. "నీ జాగా అత్తమ్మా, మీ అమ్మ పక్కన జాగా" అంటోంది.

"మా అమ్మకి ఇటు మా నాయనున్నాడు, అటు మా మేనత్తుంది. నీ పక్కన ఎవరున్నారే?" అంది అక్క. "నువ్వేడుంటే నేనాడే. నువ్వు తినేదే తింటా. మీ అమ్మవారు హులిగెమ్మ నన్ను గుళ్ళోకి రానీకపోతే బయట మెట్ల మీద కూచుంటా. నేను పోతే ఆ కాలవగట్టునే పెట్టు. ఆడ నా మొగుడూ నా బిడ్డా ఎక్కడో ఒకచోట ఉండనే ఉన్నారు గదా."

ఏళ్ళ తరబడి నేను రూతు నోట పలికించిన మాటలివి. నయోమి అనగా వినడం ఇదే మొదలు.

అక్క కిటికీలోంచి ఆ మిరపకాయల సంచి నా చేతిలో పెట్టింది. "కానుక ఇచ్చింది మళ్ళా మోసుకుపోకూడదు. నువ్వు తీసుకుపో. కారం కొట్టిచ్చుకో, మంచి కాయ" అంది. బండి కదిలింది. ఇద్దరూ ఒకే కిటికీలో ఇరుక్కుని చెయ్యి ఊపారు. వాళ్ళ వెనక కోతలైపోయి తిరిగెళ్తున్న ముఠాల మూటలు, బిందెలు, కొంగులు. కాసేపటికి ఆ కొంగుల్లో వాళ్ళవేవో నాకు తెలియలేదు.

ముఠాలని బండెక్కించడానికి వచ్చిన మేస్త్రి పక్కనే ఉన్నాడు. మొన్నటి మనిషే, మమ్మల్ని గుర్తుపట్టలేదు. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి జాలిపడ్డట్టున్నాడు.

"ఏ ఊరోళ్ళు మేడమ్ ఆళ్ళు?" అని అడిగాడు.

"ఈ ఊరేనండీ" అన్నాను.

అతను నమ్మలేదు.